అప్పన్న పేరు ఎందుకు తగ్గింది?

విశాఖపట్నం పూర్ణా మార్కెట్‌లో తాతల వయసు వాళ్లను పేర్లు అడిగితే అప్పలనాయుడు, అప్పలరాజు, సింహాచలం, నూకరాజు, పైడిరాజు, కనకారావు అని వినిపిస్తాయి. పదో తరగతి పాసైన మనవళ్లలో సాయిలు, హర్షలు, కార్తీక్‌లు కనిపిస్తారు. పాత పేర్లలో ప్రతిదానికీ ఒక గుడి ఉంది: సింహాచలం అప్పన్న, అనకాపల్లి నూకాలమ్మ, విజయనగరం పైడితల్లి, మార్కెట్‌కు చేరువలోనే బురుజుపేట కనకమహాలక్ష్మి. మొక్కుకుని కన్న బిడ్డకు ఆ దేవుడి పేరు, పెద్ద మనవడికి తాత పేరు పెట్టే ఆనవాయితీ వల్ల అవే పేర్లు తరం విడిచి తరం తిరిగొచ్చేవి. వరసగా పిల్లలు పోయిన ఇంట్లో పెంటయ్య అని పెట్టడమూ ఉండేది. ఆ పేరు వింటే మృత్యువు వదిలేస్తుందని తల్లి ఆశ. పసిపిల్లల చావులు తగ్గాక ఆ పేరు అవసరమూ తగ్గింది. ఇంతకంటే మంచి కబురు పేర్ల చరిత్రలో లేదు.

మార్పంతా సినిమా వల్లేనంటారు. నేను ఒప్పుకోను. తెరను ఏలిన ఇద్దరి పేర్లూ రామారావు, నాగేశ్వరరావు. అవి తాతల కాలం పేర్లే. పట్నవాసం వల్ల అన్నా పూర్తిగా కుదరదు. విశాఖలో 1933లో పోర్టు తెరిచారు, 1941లో షిప్‌యార్డుకు పునాది పడింది. అప్పలరాజు అప్పలరాజుగానే పనికి వెళ్లాడు. రమేష్, సురేష్ అని పెట్టింది తన కొడుక్కి. ఎందుకంటే, ఊళ్లో ఇంటిపేరూ వరసా చెబితే మనిషి తెలిసిపోయేవాడు. బడి రిజిస్టరులో, సర్టిఫికెట్టులో, ఊరెరగని అధికారి ముందు పేరొక్కటే నిలబడాలి. పేరు వినగానే కులమూ ఊరూ పసిగట్టి చిన్నచూపు చూసే చోట, కొడుకు పేరు మార్చిన తండ్రిని తప్పుపట్టలేం. ఆ పేర్లను నవ్వులాటకు వాడుకున్న హాస్య సన్నివేశాలదే తప్పు.

భక్తి తగ్గిందనే మాటా నిలవదు. 1986లో షిర్డీ సాయిబాబా మహత్యం సినిమా వచ్చిన కాలానికి తెలుగు ఇళ్లలో సాయి భక్తి బలపడుతోంది. ఆ తర్వాత పిల్లల పేర్లకు ముందు సాయి చేరడం మామూలైంది. దేవుడు పేరులోనే ఉన్నాడు, మన కొండ దిగి దేశమంతా తెలిసిన దేవుడయ్యాడు. సింహాచలంలో 11వ శతాబ్దం నాటి శాసనం ఉంది. అంత పాత వేలుపు పేరు మన తరంలో రిజిస్టర్ల నుంచి జారిపోవడం నాకు బాధ. బిడ్డకు మీకు నచ్చిన పేరే పెట్టండి. పక్కన రెండో పేరుగానైనా అప్పన్ననో నూకాలమ్మనో రాయించండి.