పది గోల్స్ తర్వాత

ఓడిపోయి ఇంటికొచ్చిన వాణ్ని ఓదార్చడం మన ఆడవాళ్ళకి వెన్నతో పెట్టిన విద్య. "పోనీలే నాయనా, మళ్ళీ చూసుకోవచ్చు" అనేస్తాం. మళ్ళీ ఎలా చూసుకోవాలో దగ్గర కూర్చోబెట్టి చెప్పేవాళ్ళు మాత్రం అరుదు. అలా చెప్పిన ఒక బడిపంతులుగారి కథ ఇది. ఫుట్‌బాల్ గోల మనకెందుకులే అని పేజీ తిప్పెయ్యకండి. ఇందులో బంతి కన్నా మాస్టారే ఎక్కువ.

ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో హైదరాబాదులో పుట్టారు. ఉస్మానియాలో బి.ఏ. చదివి, కాచిగూడ, చాదర్‌ఘాట్ బళ్ళల్లో పాఠాలు చెప్పారు. తర్వాత వ్యాయామ విద్యలో డిప్లొమా తీసుకున్నారు. అందరికీ ఆయన రహీం సాబ్.

1950లో హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు ఆయన చేతికొచ్చింది. ఫుట్‌బాల్ అంటే కలకత్తా వాళ్ళదే అనుకునే రోజులవి. అలాంటిది, ఆ పోలీసు జట్టు బొంబాయి వెళ్ళి 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు పట్టుకొచ్చింది!

ఏం మంత్రం వేశారు అంటారా? మంత్రం కాదు, సాధన. కుర్రాళ్ళ కోసం ఆయన విడ్డూరమైన పోటీలు పెట్టించేవారు. ఒక పోటీలో అలవాటున్న కాలితో బంతి తన్నకూడదు, రెండో కాలితోనే ఆడాలి. కుడిచేత్తో ముగ్గేసే పిల్లని ఎడంచేత్తో వెయ్యమన్నట్టన్నమాట. ఇంకో పోటీలో బంతిని తన కాళ్ళ దగ్గరే తిప్పుకుంటూ సొగసు చూపించడానికి వీల్లేదు, వెంటనే పక్కవాడికి అందించాలి. మొదటిది ఎవరి లోపం వాళ్ళు దిద్దుకోవడానికి, రెండోది నలుగురితో కలిసి ఆడటానికి.

మాది ఆర్మూరు. పసుపు పండే ఊరు. దుంప నాటిన తర్వాత తొమ్మిది నెలలు ఆగాలి. తవ్వి తీశాక ఉడకబెట్టాలి, ఎండబెట్టాలి, మెరుగు పెట్టాలి. అప్పుడుగానీ మనం పేరంటానికి పళ్ళెంలో పెట్టే పసుపుకొమ్ము కాదు. మట్టి కొట్టుకున్న దుంపని చూసి ఇదేం పసుపని మా ఊళ్ళో ఎవరూ పారెయ్యరు. రహీం సాబ్ కూడా ఏ కుర్రాణ్నీ అలా పారేసే మనిషి కాదు. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడ నుంచి మైదానానికి రావడానికి తులసీదాస్ బలరాం దగ్గర డబ్బుల్లేకపోతే, సైకిలు అద్దెకి ఆయనే ఇచ్చేవారట. ఆ బలరామే తర్వాత ఒలింపిక్స్ ఆడాడు.

దేశపు జట్టుకీ ఆయనే శిక్షకుడయ్యారు. 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో ఇరాన్‌ని ఓడించి బంగారు పతకం తెచ్చారు. ఆ మరుసటేడే హెల్సింకి ఒలింపిక్స్. యుగోస్లావియా మీద మనవాళ్ళు ఒకటికి పది గోల్స్ తేడాతో ఓడిపోయారు. మన ఆటగాళ్ళలో కొందరు వట్టికాళ్ళతో ఆడారు. ఇంకొకరైతే మొహం చాటేసేవారే. రహీం సాబ్ మళ్ళీ మైదానానికే వెళ్ళారు. జట్టుకి బూట్లు తప్పనిసరయ్యాయి.

నాలుగేళ్ళు గడిచాయి. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాని నాలుగు–రెండు గోల్స్ తేడాతో ఓడించాం. నెవిల్ డిసౌజా ఒక్కడే మూడు గోల్స్ కొట్టాడు. సెమీఫైనల్‌లో ఎదురైంది ఎవరనుకున్నారు? ఆ యుగోస్లావియానే. ఈసారి మొదటి గోలు మనది! చివరికి నాలుగు–ఒకటితో ఓడిపోయినా, పది ఎక్కడ, నాలుగెక్కడ? ఆ ఒలింపిక్స్‌లో మనకి నాలుగో స్థానం దక్కింది. అంతకు మించిన స్థానం మనకి ఇప్పటిదాకా రాలేదు.

1962 జకార్తా ఆసియా క్రీడలు ఇంకా గొప్ప కథ. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో రెండు గోల్స్ తిన్నాం. థాయిలాండుతో ఆటలో జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. వెనక నిలబడి గోలు కాపాడవలసిన వాడు. అతణ్ని రహీం సాబ్ సెమీఫైనల్ నుంచి ముందు వరసలోకి మార్చారు. తలకి కట్టుతో వంటింట్లో నిలబడ్డవాణ్ని వీధి వాకిట్లోకి పంపినట్టే! ఫైనల్‌కి ముందు రోజు, తనకో కానుక కావాలని ఆటగాళ్ళని అడిగారని చెప్పుకుంటారు. సెప్టెంబరు 4న మళ్ళీ ఆ కొరియానే ఎదురైంది. రాజకీయ గొడవల వల్ల మైదానం నిండా మన మీద కోపంగా ఉన్న జనం. జ్వరం నుంచి అప్పుడే లేచిన మన హైదరాబాదు పీటర్ తంగరాజ్ గోలు కాశాడు. పి.కె. బెనర్జీ ఒక గోలు, జర్నైల్ సింగ్ ఒక గోలు కొట్టారు. రెండు–ఒకటితో బంగారు పతకం మనదయింది.

ఆ తర్వాత తొమ్మిది నెలలకి, 1963 జూన్ 11న, రహీం సాబ్ ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో వెళ్ళిపోయారు. ఆయన మీద సినిమా రావడానికి 2024 దాకా ఆగవలసి వచ్చింది. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో ఆయన పోయాక మనకి దక్కింది 1970లో ఒక్క కాంస్యం.

ఇంత పెద్ద దేశంలో ఆటగాళ్ళు కరువయ్యారంటే నేను నమ్మను. ఓడిన మర్నాడు పొద్దున్నే మైదానానికొచ్చి, "ఏదీ, ఇవాళ ఎడంకాలితో మొదలుపెట్టు" అనే మాస్టార్లే కరువయ్యారేమో!