జపాన్ భూసంస్కరణ (1946–50)

రెండో ప్రపంచయుద్ధంలో ఓడి మిత్రరాజ్యాల ఆక్రమణ కింద ఉన్న జపాన్‌లో, కౌలు భూములను ప్రభుత్వమే భూస్వాముల దగ్గర కొని, వాటిని దున్నుతున్న రైతులకు అమ్మిన కార్యక్రమం ఇది. ఇరవయ్యో శతాబ్దంలో కాగితం మీది చట్టం పొలం గట్టు దాకా చేరిన భూసంస్కరణలు కొన్నే. వాటిలో దీనిది ముందువరస.

సమస్య మెయిజీ కాలం నాటిది. 1873లో ప్రభుత్వం ధాన్యం రూపంలోని పన్ను తీసేసి, భూమి విలువలో 3 శాతాన్ని ఏటా నగదుగా కట్టమంది. రైతుల తిరుగుబాట్ల తర్వాత 1877లో దాన్ని 2.5 శాతానికి తగ్గించింది. పంట పోయినా, ధర పడినా శిస్తు ఆగదు. కట్టలేనివాళ్ల భూములు వడ్డీకిచ్చినవాళ్ల చేతికి పోయాయి. యుద్ధం నాటికి సాగుభూమిలో సుమారు 46 శాతం కౌలు కిందే ఉంది. మాగాణికి కౌలంటే దాదాపు సగం పంట, అదీ ధాన్యంగానే. 1922లో కగావా తొయోహికో, సుగియామా మొతోజిరోలు రైతు సంఘం స్థాపించాక కౌలు తగాదాలు ఊరూరా పెరిగాయి.

సంస్కరణ మొత్తాన్ని ఆక్రమణ సేనల అధిపతి జనరల్ మెకార్థర్ ఖాతాలో వేయడం పరిపాటి. అది సగం నిజమే. జపాన్ వ్యవసాయ శాఖ అధికారులు యుద్ధానికి ముందునుంచీ ఈ ఆలోచనలోనే ఉన్నారు. యుద్ధకాలపు ఆహార నియంత్రణ కూడా వాళ్లకు కలిసొచ్చింది: కౌలుదారు ధాన్యాన్ని నేరుగా ప్రభుత్వానికి తోలాడు, భూస్వామికి తక్కువ ధర లెక్కన డబ్బు మాత్రమే ముట్టింది. భూస్వామి పట్టు అప్పుడే సడలింది. 1945 డిసెంబర్‌లో వ్యవసాయ మంత్రి మత్సుమురా కెంజో తెచ్చిన మొదటి చట్టం భూస్వామికి 5 చో దాకా వదిలేసింది (ఒక చో దాదాపు 2.45 ఎకరాలు). అది చాలదని ఆక్రమణ అధికారులు పట్టుబట్టారు. 1946 అక్టోబర్‌లో వాడా హిరో మంత్రిగా ఉండగా రెండో చట్టం వచ్చింది.

ఈ రెండో చట్టం ప్రకారం ఊళ్లో ఉండని భూస్వామి కౌలుకిచ్చిన భూమంతా పోతుంది. ఊళ్లో ఉన్నవాడికి కౌలు భూమి ఒక చో మిగులుతుంది, హొక్కైదోలో 4 చో. ఈలోగా సొంతసాగు సాకుతో కౌలుదార్లను వెళ్లగొట్టినవాళ్లు తప్పించుకోకుండా, 1945 నవంబర్ 23 నాటి పరిస్థితినే లెక్కలోకి తీసుకోవాలన్నారు. భూస్వాములకు ముట్టింది చాలావరకు బాండ్లే. ధర ముందే ఖరారైంది, ద్రవ్యోల్బణం మాత్రం ఆగలేదు. రైతు కట్టాల్సిన సొమ్ము కొద్ది ఏళ్లలోనే నామమాత్రమైంది. పరిహారం అన్యాయమన్న భూస్వాముల వాదనను సుప్రీంకోర్టు 1953లో తోసిపుచ్చింది.

అన్నిటికన్నా గొప్ప ఏర్పాటు గ్రామ భూమి కమిటీ. ఎన్నికైన పదిమందిలో ఐదుగురు కౌలుదార్లు, ముగ్గురు భూస్వాములు, ఇద్దరు సొంతరైతులు. ఏ మడి ఎవరు దున్నుతున్నారో ఊరివాళ్లకు తెలుసు, బినామీ కథలు వాళ్ల ముందు నిలవవు. నిన్నటిదాకా దొర గుమ్మం ముందు వంగి నిలబడ్డవాళ్లు అతని భూమి లెక్క తేల్చారు. నా దృష్టిలో ఈ సంస్కరణకు వెన్నెముక ఇదే. 1950 నాటికి సుమారు 19 లక్షల హెక్టార్లు చేతులు మారాయి, కౌలు భూమి 10 శాతానికి పడిపోయింది. మిగిలిన కౌలు నగదుగానే చెల్లాలి, మాగాణికి పంట విలువలో 25 శాతం దాటకూడదు.

ఆక్రమణ కార్యాలయంలో ఈ పనికి సలహాదారైన వుల్ఫ్ లాడెజిన్‌స్కీ తర్వాత భారతదేశానికీ వచ్చాడు. పంట దిగుబడి పెంచడానికి ఎంచుకున్న ‘ప్యాకేజీ పథకం’ జిల్లాల్లో కౌలు పరిస్థితిపై 1960ల్లో ఆయన చేసిన అధ్యయనంలో పశ్చిమ గోదావరి కూడా ఉంది.

అడవులను సంస్కరణ ముట్టుకోలేదు, కొండప్రాంతపు ఆసాముల పలుకుబడి నిలిచింది. భూమి దక్కిన రైతు క్రమంగా వామపక్షాలకు దూరమయ్యాడు. నోక్యో అనే సహకార సంఘాల ద్వారా, 1955లో ఏర్పడిన లిబరల్ డెమోక్రాటిక్ పార్టీకి పల్లె ఓటు కంచుకోటయింది. బదులుగా ప్రభుత్వం బియ్యానికి మంచి ధర ఇస్తూ వచ్చింది. నిల్వలు పేరుకుపోవడంతో 1970 నుంచి వరి విస్తీర్ణం తగ్గించుకోమని అదే రైతులకు డబ్బివ్వాల్సి వచ్చింది. కమతాలు చిన్నవిగానే ఉండిపోయాయి. భూస్వామ్యం మళ్లీ రాకుండా కౌలును కట్టడిచేసిన 1952 నాటి చట్టమే కమతాలు కలవడానికి అడ్డమైంది. పల్లెలు ముసలివై పొలాలు బీడుపడుతుంటే, 2009లో ఆ చట్టాన్ని సవరించి కంపెనీలు కూడా సాగుభూమిని కౌలుకు తీసుకునే వీలు కల్పించారు.