కాగితపు పూల వెనుక

పోచంపల్లిలో మా ఇంటి పెరడు మగ్గం గదికీ ప్రహరీకీ నడుమ మిగిలిన నాలుగు గజాల ఎర్రమట్టి మాత్రమే. అందులో ఆరేళ్ళ క్రితం ఒక కాగితపు పూల కొమ్మను నాటాను. "వాసన లేని పువ్వెందుకు బిడ్డా, మల్లె పెట్టరాదా?" అన్నది నాయనమ్మ. మూడేళ్ళు రోజూ నీళ్ళు పోసి, ఎరువు వేసి, ఆకులను మాత్రమే పెంచాను. నాలుగో ఏడు పుష్యమాసంలో బోరు మొరాయించింది. తాగడానికే నీళ్ళు కొనుక్కునే స్థితిలో పొదను దాని కర్మకు వదిలేశాను. ఫాల్గుణం వచ్చేసరికి ఆకు కానరాకుండా పూసింది! మండే ఎండా, ఆరిన నేలా ఈ మొక్కకు కావలసినవని అప్పుడు తెలిసింది. మన చెలక నేలలకు ఇంతకన్నా తగిన పొద ఏముంటుంది?

నాయనమ్మ మాటలో కొంత నిజముంది. మనం పువ్వనుకునేది పువ్వే కాదు. రంగు తేలిన మూడు ఆకులు. అసలు పువ్వులు వాటి నడుమ సన్నని గొట్టాల్లా, తెల్లగా, ఎవరి కంటా పడకుండా ఉంటాయి.

ఈ మొక్క చరిత్రా అటువంటిదే. ఫ్రెంచి నావికుడు బూగన్‌విల్ భూప్రదక్షిణకు బయలుదేరినప్పుడు, ఆ యాత్రలోని వృక్షశాస్త్రజ్ఞుడు కొమ్మెర్సన్ 1767లో బ్రెజిల్‌లోని రియో వద్ద దీనిని సేకరించి, తన నాయకుని పేరు పెట్టాడు. ఆ పేరు 1789లో జుస్సియు గ్రంథంలో అచ్చయింది. కొమ్మెర్సన్ వెంట సహాయకుడిగా ఉన్నది నిజానికి ఝాన్ బారే అనే స్త్రీ. ఓడల్లో స్త్రీలకు ప్రవేశం లేదు గనుక పురుషవేషం వేసుకున్నది. కొమ్మెర్సన్ కాలు పుండుతో బాధపడుతుంటే కొండలెక్కి మొక్కలు మోసింది ఆమే. ఈ మొక్కనూ ఆమే తెచ్చి ఉంటుందని కొందరు చరిత్రకారుల ఊహ; నాకూ అది సబబనిపిస్తుంది. భూమిని చుట్టివచ్చిన తొలి మహిళగా ఆమెను నేడు గుర్తిస్తున్నారు. ఆమె పేరు ఒక మొక్కకు స్థిరపడింది మాత్రం 2012లో, వంగ కుటుంబంలోని సొలానమ్ బారెటియేకు.

మా ఊరి పేరు చెప్పగానే అందరికీ 1951 ఏప్రిల్ 18 గుర్తుకు వస్తుంది. వినోబా అడిగారు, వెదిరె రామచంద్రారెడ్డి నూరెకరాలు ఇచ్చారు. ఎనభై ఎకరాలు కావాలని ముందుగా నోరు తెరిచి అడిగిన దళితుల పేర్లు ఎందరికి తెలుసు?

చీరల మాటా అంతే. నాయనమ్మ నలభై ఏళ్ళు ఆసు పోసింది. ఒక్కొక్క చీరకు చేయి వేలసార్లు అటూ ఇటూ ఆడాలి. భుజం పైకి లేవని స్థితి వచ్చాక గానీ మానలేదు. ఏ చీర మీదా ఆమె పేరు లేదు. 1999లో చింతకింది మల్లేశం తన తల్లి పడే ఇటువంటి బాధ చూడలేకనే ఆసు యంత్రాన్ని తయారుచేసి, దానికి ఆ తల్లి పేరే పెట్టాడు: లక్ష్మీ ఆసు యంత్రం. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చిన వార్త చదివి వినిపిస్తే నాయనమ్మ, "అమ్మ పేరు పెట్టిండా?" అని రెండుసార్లు అడిగింది.

ఈ ఏడు పూత అయిపోవచ్చింది. కొమ్మలు కత్తిరించాలి. ముళ్ళు చెడ్డవి, తొడుగులు లేనిదే ముట్టరాదు. వానలు పడ్డాక ముదురు కొమ్మ ముక్కలను ఇసుక కలిపిన మట్టిలో గుచ్చితే వేళ్ళూనుతాయి. పక్కింటి వదిన రెండు కావాలన్నది.