నాలుగు బెర్తుల చిప్పు: చిన్న బోర్డుకి ఎన్ని యూడీపీ పోర్టులు?

 ఎపిసోడ్ విననివాళ్లు కూడా దీన్ని నేరుగా చదువుకోవచ్చు. మైకు ముందు తేదీలు, అంకెలు గబగబా చెప్పేశాను కాబట్టి వాటిని ఇక్కడ నింపాదిగా రాస్తున్నాను.

ఆగస్టు నెల అనుకోండి. దుబాయ్‌లోనో షార్జాలోనో ఒక బిల్డింగ్ మేడ మీద, చిల్లర్ పక్కన ఒక చిన్న డబ్బా. అందులో ఆర్డినో లాంటి బోర్డు, దాని మీద ఈథర్నెట్ చిప్పు. ఆ బోర్డు నాలుగు పనులు చేస్తోంది: ఉష్ణోగ్రత అడిగితే చెప్పడం, అలారం పంపడం, టైము సరిచూసుకోవడం, లాగ్ పంపడం. రాసినవాడు పద్ధతిగా ఒక్కో పనికి ఒక్కో యూడీపీ పోర్టు ఇచ్చి, నాలుగూ తెరిచే ఉంచాడు. టెస్టింగ్‌లో అంతా బాగుంది. మర్నాటికి తేడా కొట్టింది. కంట్రోల్ రూమ్ తెర మీద నిన్నటి ఉష్ణోగ్రతే కనిపిస్తోంది, కింద ఫ్లాట్లలో మాత్రం జనం ఉడికిపోతున్నారు. జగిత్యాల నుంచో నిజామాబాద్ నుంచో వచ్చిన మన టెక్నీషియన్ ఎండలో మేడెక్కి రీసెట్ కొట్టాడు. బాగైంది. ఆ మర్నాడు మళ్లీ అంతే. రీసెట్ కొడితే బాగవుతోంది కదా అని మూలం ఎవరూ వెతకరు.

ఆ మూలం దొరకాలంటే యాభై ఏళ్లు వెనక్కి వెళ్లాలి. పోర్టు అనే మాటకి, సాకెట్ అనే మాటకి మధ్య జరిగిన గందరగోళమే ఈ కథ.

మొదట ఈ ఊళ్లో ఉన్న అసలు పోర్టు సంగతి చూద్దాం. దుబాయ్‌లో పోర్ట్ రషీద్ 1972లో మొదలైంది. బ్రిటిష్ ఇంజినీరింగ్ సంస్థ హాల్‌క్రో వాళ్లు మొదట వేసిన లెక్క నాలుగు బెర్తులు. షేక్ రషీద్ 16 కావాలన్నారు. అవీ చాలక 1970ల చివరికి 35 అయ్యాయి. ఇక్కడ గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటే: బెర్తుకి నంబరు వేయడం చాలా తేలిక, గోడ మీద రంగుతో రాస్తే సరిపోతుంది. కానీ బెర్తు కట్టాలంటే చోటు కావాలి. ఓడ ఆగడానికి చోటు, సరుకు దించుకోవడానికి చోటు.

అదే 1972 మే నెలలో అమెరికాలో జాన్ పోస్టెల్ అనే కుర్రాడు ఒక చిన్న పత్రం రాశాడు. అది ఆర్‌ఎఫ్‌సీ 349. అప్పటి నెట్‌వర్కు ఆర్పానెట్. ఒక కంప్యూటర్‌కి చేరిన సమాచారం లోపల ఏ ప్రోగ్రాంకి వెళ్లాలో చెప్పడానికి నంబర్లు వాడేవారు, కానీ ఏ సేవకి ఏ నంబరు అన్నది ఒక చోట రాసి ఉండేది కాదు. ఎవరో ఒకరు కూర్చుని నంబర్లు పంచిపెట్టాలి అని పోస్టెల్ ప్రతిపాదించాడు. ఆ పని ఆయన మీదే పడింది, 1998లో చనిపోయేదాకా ఆయనే చూసుకున్నాడు. గమ్మత్తు ఏమిటంటే, ఆ పత్రంలో ఆ నంబర్ల పేరు పోర్టులు కాదు, సాకెట్లు! ఇవాళ మనం పోర్టు నంబరు అనేదాన్ని ఆ రోజుల్లో సాకెట్ నంబరు అనేవారు. తర్వాత రెండు మాటలూ విడిపోయాయి. పోర్టు అంటే నంబరు మాత్రమే. సాకెట్ అంటే ఆ నంబరు మీద వచ్చేదాన్ని అందుకోవడానికి మెషీన్ లోపల కేటాయించిన చోటు. మన ఓడరేవు లెక్కలో, పోర్టు నంబరు గోడ మీద రాసిన అంకె, సాకెట్ కట్టిన బెర్తు.

ఇక యూడీపీ సంగతి. 1970లలో టీసీపీ ఒక్కటే అన్ని పనులూ చేసేది: చిరునామా చూడటం, వరస తప్పకుండా చూడటం, పోయినదాన్ని మళ్లీ పంపడం. నెట్‌వర్కు మీద మాటలు పంపే ప్రయోగాలు చేస్తున్న డానీ కోహెన్ లాంటివాళ్లకి ఇది నచ్చలేదు. ఫోన్‌లో ఒక ముక్క పోతే పోయింది, దాని కోసం ఆగి మళ్లీ తెప్పిస్తే సంభాషణే చెడుతుంది. ఆ వాదన నెగ్గి 1978లో టీసీపీ, ఐపీ రెండుగా విడిపోయాయి. తిరిగి పంపే బాధ్యత వద్దు, నంబరు చూసి అందిస్తే చాలు అనేవాళ్ల కోసం యూడీపీ వచ్చింది. దాని రూపకల్పన డేవిడ్ రీడ్‌ది, ఆర్‌ఎఫ్‌సీ 768గా 1980 ఆగస్టులో రాసిపెట్టింది పోస్టెల్. మొత్తం మూడు పేజీలు. హెడర్ 8 బైట్లు: పంపిన పోర్టు, చేరాల్సిన పోర్టు, పొడవు, చెక్‌సమ్, ఒక్కోదానికి రెండేసి బైట్లు. రెండు బైట్లంటే 65,536 నంబర్లు. అంటే యూడీపీ రాసినవాళ్ల దృష్టిలో పోర్టులకి కరువే లేదు.

మరి మేడ మీద డబ్బాకి నాలుగే ఎందుకు?

ఆర్డినో ఊనో బోర్డులో ఉన్న ర్యామ్ 2 కిలోబైట్లు. అందులో నెట్‌వర్కు పని అంతా నడపడం కష్టం. దీనికి రెండు దారులు వచ్చాయి. ఒకటి, సాఫ్ట్‌వేర్‌నే కుదించడం. 2000ల తొలినాళ్లలో స్వీడన్‌కి చెందిన ఆడమ్ డంకెల్స్ యూఐపీ, ఎల్‌డబ్ల్యూఐపీ అనే చిన్న స్టాకులు రాసి, బుల్లి చిప్పుల్లో కూడా ఇంటర్నెట్ నడుస్తుందని చూపించాడు. రెండోది, ఆ పనిని వేరే చిప్పుకి అప్పగించడం. కొరియా సంస్థ విజ్‌నెట్ చేసిన డబ్ల్యూ5100 అలాంటిదే. 2000ల చివర్లో ఆర్డినో ఈథర్నెట్ షీల్డు మీద అదే ఎక్కి, హాబీవాళ్ల బల్లల మీదకి, అక్కణ్నుంచి నిజమైన డబ్బాల్లోకి వెళ్లింది.

డబ్ల్యూ5100 లోపల నెట్‌వర్కు డేటాకి ఉన్న మెమరీ 16 కిలోబైట్లు. రావడానికి 8, పోవడానికి 8. మామూలుగా దాన్ని నాలుగు వాటాలు వేస్తారు. ఒక్కో సాకెట్‌కి రావడానికి 2, పోవడానికి 2. అంతే, నాలుగు బెర్తులు! ఈ నాలుగు అనేది యూడీపీ పెట్టిన హద్దు కాదు, ఆ చిప్పులో ఉన్న చోటు పెట్టిన హద్దు. ఆర్డినో లైబ్రరీలో ఈథర్నెట్‌యూడీపీ ఆబ్జెక్టు ఒకటి తీసుకుని బిగిన్ అని పోర్టు నంబరు ఇచ్చిన ప్రతిసారీ ఒక బెర్తు పోతుంది. 50001 ఇచ్చినా, 123 ఇచ్చినా ఒకటే ఖర్చు.

ఇప్పుడు మన డబ్బా లెక్క వేద్దాం. నాలుగు పనులు, నాలుగు సాకెట్లు. కానీ ఐదో పని ఒకటుంది, అదెవరూ రాసుకోలేదు. బోర్డు తన ఐపీ చిరునామాని డీహెచ్‌సీపీ ద్వారా అద్దెకి తెచ్చుకుంటుంది. అది కూడా యూడీపీయే, పోర్టు 68. మొదట కరెంటు ఇచ్చినప్పుడు నాలుగు బెర్తులూ ఖాళీ కాబట్టి ఒకటి వాడుకుని, చిరునామా తెచ్చుకుని, ఖాళీ చేసి పోతుంది. తర్వాత మన ప్రోగ్రాం నాలుగూ ఆక్రమిస్తుంది. అద్దె గడువు మామూలుగా సగం గడిచాక రెన్యూ చేసుకోవాలి. 24 గంటల గడువైతే 12 గంటలకి అన్నమాట. అప్పుడు మళ్లీ ఒక సాకెట్ కావాలి, లేదు. రెన్యూవల్ జరగదు. గడువు అయ్యాక సర్వర్ ఆ చిరునామాని ఇంకో పరికరానికి ఇవ్వొచ్చు. ఒకే చిరునామాకి ఇద్దరు పలుకుతారు, కంట్రోల్ రూమ్ అడిగే ప్రశ్న ఎవరికి చేరుతుందో చెప్పలేం. రీసెట్ కొడితే బెర్తులన్నీ ఖాళీ అవుతాయి కాబట్టి మళ్లీ బాగవుతుంది. రోజూ జరిగే వింత ఇదే.

కాబట్టి మొదటి సూత్రం: ఒక సాకెట్ ఎప్పుడూ ఖాళీగా ఉంచండి. టైము అడిగే ఎన్టీపీ పనికి పోర్టు ఎప్పుడూ తెరిచి ఉండక్కర్లేదు. అడగండి, జవాబు తీసుకోండి, స్టాప్ అనండి. లాగ్ పంపడం కూడా అంతే, అలారం వెళ్లే ఆబ్జెక్టు నుంచే పంపొచ్చు. ఎప్పుడూ చెవి ఒగ్గి ఉండాల్సిన వాటికే శాశ్వత బెర్తు.

పెద్ద చిప్పు వేస్తే పోదా అంటారా? డబ్ల్యూ5500లో 32 కిలోబైట్లు, 8 సాకెట్లు ఉన్నాయి. కానీ ఊనో లాంటి తక్కువ ర్యామ్ బోర్డు మీద ఆర్డినో లైబ్రరీ అందులోనూ నాలుగే వాడుతుంది. ఎల్‌డబ్ల్యూఐపీలో కూడా మామూలు సెట్టింగ్‌లో యూడీపీకి ఇచ్చేది నాలుగే. సెట్టింగ్ మారిస్తే పెరుగుతుంది, దానికి తగ్గ మెమరీ ఇవ్వాలి.

రెండో దారి మన బిల్డింగుల్లోనే ఉంది. యూఏఈలో ఎతిసలాత్ జనానికి ఇంటర్నెట్ ఇవ్వడం మొదలుపెట్టింది 1995లో. అదే ఏడాది అమెరికా ఏసీ ఇంజినీర్ల సంఘం ఆష్రే, బిల్డింగ్ పరికరాల కోసం బ్యాక్‌నెట్ అనే ప్రమాణాన్ని విడుదల చేసింది. కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన మైక్ న్యూమన్ అధ్యక్షతన ఆ కమిటీ 1987 నుంచి కూర్చుంది. 1999లో దాన్ని ఐపీ మీదకి తెచ్చారు. చిల్లర్లు, డ్యాంపర్లు, అలారాలు, షెడ్యూళ్లు ఇన్ని ఉన్నా వాళ్లు తీసుకున్నది ఒక్కటే యూడీపీ పోర్టు: 47808. హెక్స్‌లో రాస్తే బీఏసీ సున్నా, అంటే పేరునే నంబరు చేసుకున్నారు. ఏ రకం సందేశమో పోర్టు చెప్పదు, ప్యాకెట్ లోపలి బైట్లు చెబుతాయి. ఒకే తలుపు, లోపల లేబుళ్లు. మీ సొంత పరికరానికీ ఇదే చేయొచ్చు: మొదటి బైటు 1 అయితే ప్రశ్న, 2 అయితే ఆదేశం. నాలుగు సాకెట్ల పని ఒకదానితో అయిపోతుంది.

అయితే నిజంగా రెండు పోర్టులు కావాల్సిన చోట్లూ ఉన్నాయి. ఒకే కేబుల్ మీద ఇద్దరు కాంట్రాక్టర్ల బ్యాక్‌నెట్ వ్యవస్థలుంటే ఒకదాన్ని 47808 మీద, రెండోదాన్ని 47809 మీద పెట్టడం వాడుక. ఆ రెంటినీ కలిపే చిన్న రూటర్ రెండింటి మీదా చెవి ఉంచాలి. అప్పుడు రెండు ఆబ్జెక్టులు, రెండు బిగిన్లు, లూప్‌లో ఒకదాని తర్వాత ఒకటి పార్స్‌ప్యాకెట్. ఏ ఒక్కదాని దగ్గరా జవాబు కోసం కాచుకుని కూర్చోకూడదు. 2 కిలోబైట్ల చోటులో నిండు ఈథర్నెట్ ప్యాకెట్ ఒక్కటే పడుతుంది, మీరు తీసేలోపు రెండోది వస్తే పోయినట్టే, యూడీపీ చెప్పదు. ఇంకోటి: ప్రశ్న ఏ ఆబ్జెక్టు మీద వచ్చిందో జవాబు దాన్నుంచే పంపాలి. లేకపోతే పంపిన పోర్టు మారిపోయి, అవతలివాడు దాన్ని తన జవాబుగా గుర్తించడు.

పోతే పోయింది అనే యూడీపీ స్వభావం మాటలకి సరిపోయింది. చిల్లర్ అలారానికి సరిపోదు. అందుకే అలారం పంపాక అందింది అనే జవాబు అడగడం, రాకపోతే మళ్లీ పంపడం మన ప్రోగ్రామే చూసుకోవాలి. తెర మీద అంకె పక్కన అది ఎప్పటిదో టైము కూడా చూపించాలి. తెరిచిన తలుపు దగ్గర కాపలా లేదన్నదీ నిజమే. మామూలు బ్యాక్‌నెట్ ఐపీలో అడిగినవాడు ఎవరో తేల్చుకునే పద్ధతి లేకపోవడం వల్లే 2020 సంచికలో ఎన్‌క్రిప్షన్‌తో కూడిన బ్యాక్‌నెట్ ఎస్‌సీ చేరింది. మేడ మీది డబ్బాని బయటి ఇంటర్నెట్‌కి చూపించొద్దు అనేది అందుకే.

పోర్ట్ రషీద్‌కి నాలుగు చాలవని ముందే అనుకున్నారు కాబట్టి సరిపోయింది. మన చిప్పుకి బెర్తులు పెంచలేం, ఎవరికి ఎంతసేపు ఇవ్వాలో మాత్రం ముందే రాసుకోవచ్చు. కోడ్ మొదలుపెట్టే ముందు కాగితం మీద నాలుగు గడులు గీసి, ఒకదానిలో డీహెచ్‌సీపీ అని రాసి, మిగతా మూడూ నింపండి. పట్టకపోతే అక్కడే తెలుస్తుంది. ఆగస్టులో మేడెక్కే మనిషికి ఒక ప్రయాణం తగ్గుతుంది.