ఆర్ట్స్ కాలేజీ నుంచి కొలాంగొంది దాకా: "ఆక్రమణదారు" అనే మాట ఎక్కడి నుంచి వచ్చింది



యూనివర్సిటీ భూముల ముచ్చట వచ్చినప్పుడల్లా హాస్టళ్లలో ఒక మాట వినబడుతుంది. "ముందు గోడ పక్కన గుడిసెలు తీసేయాలి, తార్నాకలో ఫుట్‌పాత్ మీద పడుకునేటోళ్లను పంపేయాలి, అప్పుడే క్యాంపస్ బాగుపడ్తది." అనేది ఎవరో పరాయివాళ్లు కాదు, మనోళ్లు కూడా అంటున్నరు. మేము దీన్ని ఒప్పుకోము. ఎందుకు ఒప్పుకోమో చెప్పాలంటే మన ఊర్ల చరిత్రలోకి పోవాలి. అందుకే పోస్టు పొడుగైంది, ఓపికగా చదవండి.

మనం రోజూ ముందు నుంచి నడిచిపోయే ఆర్ట్స్ కాలేజీకి 1934లో ఏడో నిజాం పునాది వేసిండు. 1939 డిసెంబరులో భవనం ప్రారంభమైంది. అంత గులాబీ రంగు గ్రానైటు, అంత నగిషీ పని, ఇప్పటికీ చూస్తే కండ్లు నిలబడతయి. సరిగ్గా అవే ఏండ్లలో అదే సర్కారు ఆదిలాబాద్ అడవుల్లో ఏం చేస్తున్నదో చూడండి. అడవికి హద్దులు గీసి రిజర్వు ఫారెస్టు అంటున్నది. ఆ గీత లోపల పడిన గోండు, కొలాం గూడేలను లేచిపొమ్మంటున్నది. లేవకపోతే గుడిసెలు కాలబెడుతున్నది. జోడేఘాట్, బాబేఝరి పక్కన 12 గూడేల భూముల కోసం కొమురం భీం నిలబడ్డది ఈ గీత మీదనే. 1940లో ఆయనను కాల్చి చంపిన్రు. ఆర్ట్స్ కాలేజీ తలుపులు తెరిచి అప్పటికి ఏడాది కూడా నిండలేదు.

ఒకే ఖజానా, ఒకే సంతకం. ఒక దగ్గర రాయి మీద రాయి పెట్టింది, ఒక దగ్గర గడ్డి కప్పుకు నిప్పు పెట్టింది. యూనివర్సిటీని తిట్టడానికి ఇది చెప్తలేము. ఆ చదువే మాకు కావాలె, దాని కోసమే ఇంత దూరం వచ్చినం. కానీ రెండూ పక్కపక్కన పెట్టి ఎవరూ చెప్పరు గనక మేము చెప్తున్నం.

భీం చనిపోయినంక నిజాం సర్కారు ఆదివాసుల స్థితి చూడమని హైమెండార్ఫ్ అనే ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రవేత్తకు పని అప్పగించింది. ఆయన తర్వాత సర్కారుకు సలహాదారు అయిండు, ఉస్మానియాలో మానవశాస్త్రం ప్రొఫెసర్‌గా కూడా ఉన్నడు. అంటే గూడేలు ఎట్ల కాలినయో, ఎవరు కాలబెట్టిన్రో రాసిన మనిషి మన క్యాంపస్ మనిషే. ఆయన రాతల్లో ఒక సంగతి మళ్లీమళ్లీ వస్తుంది. అందరికంటే ఎక్కువ దెబ్బ తిన్నది కొలాములు. వాళ్లు గుట్టల మీద పోడు కొట్టుకుని, కొన్నేండ్లకు ఇంకో చోటికి జరిగేవాళ్లు. నాగలి లేదు, పట్టా లేదు, ఒకే చోట ఇల్లు లేదు. సర్కారు లెక్కలో ఇల్లు కదిలితే అది ఇల్లు కాదు. తరతరాలుగా అక్కడున్న కొలాం ఒక్క గీతతో "ఆక్రమణదారు" అయిండు. ఆ మాట పుట్టుకే అట్లాంటిది: ఎవరు ముందు వచ్చిన్రు అన్నది చూడదు, ఎవరి దగ్గర కాగితం ఉన్నది అన్నదే చూస్తది.

ఆ తర్వాత కొంత మంచి జరిగింది. 1940లలో వేల గోండు కుటుంబాలకు పట్టాలు వచ్చినయి, మార్లవాయిలో గోండి బడి పంతుళ్లకు శిక్షణ మొదలైంది. 1970లో 1/70 చట్టం, 2006లో అటవీ హక్కుల చట్టం. ఇవన్నీ గ్రూపులో చాలాసార్లు మాట్లాడుకున్నవే, మళ్లీ రాయము.

ఇప్పుడు కొలాంగొందికి వస్తం. కాగజ్‌నగర్ మండలం. 2019 జూన్‌లో, సరిగ్గా వానలు పడే ముందట, ఫారెస్టోళ్లు ఆ కొలాం గూడేన్ని కూల్చేసిన్రు. 67 మందిని, పిల్లలు ముసలోళ్లతో సహా, వేంపల్లి కలప డిపోకు తెచ్చి పెట్టిన్రు. దుంగలు పెట్టే చోట మనుషులను పెట్టిన్రు. పౌరహక్కుల సంఘం హైకోర్టులో హెబియస్ కార్పస్ పిటిషన్ వేసింది. సాధారణంగా పోలీసులు ఎత్తుకపోయిన మనిషిని చూపించమని వేసే పిటిషన్ అది. ఇక్కడ ఒక మొత్తం గూడేన్ని చూపించమని వేసిన్రు. కోర్టు వినింది. జూన్ 15 శనివారం, కోర్టుకు సెలవు. అయినా తాత్కాలిక ప్రధాన న్యాయమూర్తి ఇంట్లోనే విచారణ పెట్టిన్రు. సర్కారు ఆ 67 మందిని బస్సులో హైదరాబాద్ తెచ్చి జడ్జీల ముందు నిలబెట్టాల్సి వచ్చింది. ఇల్లు, సాగుభూమి చూపించాలని, అప్పటిదాకా వాంకిడిలో ప్రభుత్వ హాస్టల్‌లో ఉంచి తిండి, వైద్యం చూడాలని కోర్టు చెప్పింది.

హాస్టల్‌లో. మనందరికీ తెలుసు కదా ప్రభుత్వ హాస్టల్ అంటే ఏందో. మనం చదువు కోసం పోయిన చోటికి వాళ్లు ఊరు పోయినందుకు పోయిన్రు.

రెండు వారాలకు అదే ప్రాంతంలో సార్సాల దగ్గర ఫారెస్టు మహిళా అధికారి మీద దాడి జరిగింది. టీవీలన్నీ దాని మీదనే పడ్డయి. ఆ దాడి తప్పే, అందులో మాకు రెండో మాట లేదు. కానీ ఆ చర్చలో డిపోలో ఉంచిన 67 మంది ముచ్చట ఎవరికీ యాదికి రాలేదు.

కొలాంగొంది వాళ్లకు కనీసం ఒక చట్టం ఉన్నది. అటవీ హక్కుల చట్టం సెక్షన్ 4(5) ప్రకారం, హక్కుల పరిశీలన పూర్తయ్యేదాకా అడవిలో ఉండే ఆదివాసీని ఖాళీ చేయించవద్దు. 2019 ఫిబ్రవరి 13న, దరఖాస్తులు తిరస్కరించిన వాళ్లను ఖాళీ చేయించమని సుప్రీంకోర్టు అన్నది. దేశమంతా గొడవ అయితే అదే నెల 28న ఆ ఆదేశాన్ని ఆపింది. అంటే అడవిలో ఆపడానికి ఒక పట్టు ఉన్నది. మరి తార్నాక ఫుట్‌పాత్ మీద పడుకున్న మనిషికి ఏమున్నది? గ్రామసభ లేదు, సెక్షన్ లేదు. ఊర్లో భూమి పోయో, కరువొచ్చో, అప్పు మీదపడో పట్నం వచ్చిన మనిషి. మన మేనమామలు, చిన్నాయనలు ఎంతమంది ఇట్ల కూలికి వచ్చి బిల్డింగుల కింద పడుకున్నరో లెక్క తీయండి.

పట్నపోళ్ల వైపు నుంచి పెద్ద కేసు ఒక్కటే, ఓల్గా టెల్లిస్ కేసు. 1981లో బొంబాయిలో ఫుట్‌పాత్ మీద ఉండేవాళ్లను లేపి సొంత ఊర్లకు పంపేస్తమని మహారాష్ట్ర ముఖ్యమంత్రి ప్రకటించిండు. అది కోర్టుకు పోయింది. 1985లో సుప్రీంకోర్టు తీర్పు: బతుకుదెరువు లేకుంటే బతికే హక్కు లేనట్టే, అది రాజ్యాంగం 21వ అధికరణంలో భాగం. ఇంత గొప్ప మాట చెప్పిన తీర్పులోనే, వానాకాలం అయిపోయినంక ఖాళీ చేయించుకోవచ్చని కూడా ఉన్నది. పుస్తకాల్లో మొదటి సగమే చెప్తరు. పరీక్షలో కూడా అదే అడుగుతరు. మేము పూర్తిగా చదివినప్పుడు తెలిసింది: ఆ కేసు వేసినోళ్లు సిద్ధాంతంలో గెలిచిన్రు, ఫుట్‌పాత్ మీద ఓడిపోయిన్రు.

హైదరాబాద్‌లో ఏమైంది? 2017 నవంబరు. ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సు, అమెరికా నుంచి ఇవాంకా ట్రంప్ వస్తున్నది. నవంబరు 8 నుంచి రెండు నెలలు నగరంలో రోడ్ల మీద అడుక్కోవడం నిషేధమని పోలీసు కమిషనర్ 144 సెక్షన్ కింద ఉత్తర్వు ఇచ్చిండు. రోడ్డు మీద కనబడ్డోళ్లను ఎత్తి చంచల్‌గూడ, చర్లపల్లి జైళ్ల దగ్గర పెట్టిన ఆనందాశ్రమాలకు పంపిన్రు. బిచ్చగాడి జాడ చెప్తే 500 రూపాయలు ఇస్తమని జైళ్ల శాఖ ప్రకటించింది. సదస్సు మొదలైన నవంబరు 28నే మెట్రో కూడా ప్రారంభమైంది. నాగోల్ నుంచి అమీర్‌పేట మీదుగా మియాపూర్ దాకా 30 కిలోమీటర్లు, మన తార్నాక స్టేషన్ దాంట్లోదే. మనకు స్టేషన్ వచ్చిన రోజుల్లోనే దాని కింద పడుకునేటోళ్లను జైలు ఆవరణకు పంపే ఉత్తర్వు నడుస్తున్నది. 2000లో క్లింటన్ వచ్చినప్పుడు కూడా ఇదే జరిగింది. అతిథి మారుతడు, ఊడ్చేది మాత్రం వాళ్లనే.

తార్నాక పేరు గురించి ఒక ముచ్చట చెప్తరు. తార్ అంటే తీగ, నాకా అంటే కాపలా చోటు, తీగ కంచె కట్టి కాపలా పెట్టిన జాగా కనక ఆ పేరు వచ్చిందని. పేరే కంచె.

ఇగ క్యాంపస్. దీని మీద మనలో మనకే తేడాలున్నయి, దాచుకోవద్దు. 2015 మే నెలలో ఉస్మానియా భూమిలో 11 ఎకరాలు తీసుకుని పేదలకు ఇండ్లు కట్టిస్తమని అప్పటి ముఖ్యమంత్రి ప్రకటించిండు. విద్యార్థులు లేచిన్రు, పెద్ద ఆందోళన అయింది. యూనివర్సిటీ భూమి చదువుకే ఉండాలె అన్న ఆ మాట తప్పని మేము అనము. రేపు పుట్టే పిల్లలకు హాస్టల్ కట్టాలన్నా జాగా కావాలె. కానీ ఆ గొడవలో ఒక పాడు పని జరిగింది. చదువుకునే పేదోడు ఒక దిక్కు, ఇల్లు లేని పేదోడు ఒక దిక్కు అయిన్రు. పట్నంలో సర్కారు భూమి ఇంకెక్కడా లేనట్టు ఈ ఇద్దరి మధ్యనే 11 ఎకరాలు పెట్టిన్రు.

క్యాంపస్‌ను ఆనుకుని ఉన్న మాణికేశ్వరి నగర్‌ను ఇప్పటికీ వడ్డెర బస్తీ అంటరు. వడ్డెరలు రాయి కొట్టేవాళ్లు. బ్రిటిషోళ్లు వాళ్లలో కొందరిని నేరస్థ జాతుల జాబితాలో కూడా ఎక్కించిన్రు. రాతి భవనాలతో నిండిన యూనివర్సిటీ పక్కన రాయి కొట్టేవాళ్ల బస్తీ ఎందుకున్నదో ఆలోచించడానికి పెద్ద చరిత్ర పుస్తకం అక్కరలేదు. (వాళ్లను ఎస్టీలో చేర్చాలన్న డిమాండు మీద మనలో వేరే వేరే అభిప్రాయాలున్నయి. అది ఇంకో రోజు మాట్లాడుకుందాం, దీంట్లో కలపకండి.)

క్యాంపస్ భూమి నిజంగా ఎక్కడ పోయింది? ప్రహరీ గోడ, రిజిస్ట్రేషన్ కాగితం, మూడంతస్తుల మేడ ఉన్న చోట పోయింది. దాని మీద కేసు పడితే ఏండ్లకేండ్లు నడుస్తది, వకీళ్లు వస్తరు, స్టే వస్తది. గుడిసె మీదికి ఒక జేసీబీ, ఒక పొద్దు చాలు. అందుకని "భూములు కాపాడుదాం" అని మన బ్యానర్ కట్టినప్పుడల్లా మొదలు ఎక్కడి నుంచి పెట్టాలో కూడా రాయాలె.

చీకట్లో ఆ దారిలో నడవాలంటే భయం అని చెల్లెళ్లు చెప్పింది నిజమే. దానికి కావల్సింది వీధి దీపాలు, రాత్రి బస్సు. గుడిసెలు తీసేసిన ఖాళీ జాగా చీకటిగానే ఉంటది, ఇంకా నిర్మానుష్యంగా ఉంటది.

లక్ష జనాభా ఉన్న చోట ఒక నైట్ షెల్టర్, ఏడాది పొడుగునా నడిచేది ఉండాలని సుప్రీంకోర్టు చెప్పింది. 2011 జనాభా లెక్కల్లోనే జీహెచ్ఎంసీ జనాభా 67 లక్షలు. అంటే అప్పటి లెక్కకే 67 షెల్టర్లు. కొలాంగొంది వాళ్లు కూడా 67 మందే, ఊరికే యాదికొచ్చింది.

ఈ నెలలో ఆర్‌టీఐ కింద మూడు ప్రశ్నలు పంపుతున్నం. తార్నాకకు దగ్గర్లో నైట్ షెల్టర్ ఎక్కడున్నది, ఎన్ని మంచాలు, ఆడవాళ్లకు వేరే ఉన్నదా? రోడ్డు పక్క గుడిసెలు తీసేముందు నోటీసు ఎవరు ఇస్తరు, సర్వే ఎవరు చేస్తరు? ఇప్పటిదాకా తీసేసిన వాళ్లను ఎక్కడికి పంపిన్రు? దరఖాస్తు కింద సంతకానికి లా కాలేజీ అన్నలు ఇద్దరు ఒప్పుకున్నరు, ఇంకో ముగ్గురు కావాలె. ఫుట్‌పాత్ మీద ఉండేవాళ్లతో కూర్చుని మాట్లాడేటప్పుడు మరాఠీ, లంబాడీ, గోండి వచ్చినోళ్లు తోడుంటే మంచిది. కాగజ్‌నగర్, వాంకిడి దిక్కు తమ్ముళ్లు ఎవరన్నా ఉంటే, ఆ 67 మంది ఇప్పుడు ఎక్కడున్నరో, భూమి చేతికొచ్చిందో లేదో ఊర్లో అడిగి రాయండి.