దక్షిణ ధ్రువంలో బొగ్గు ఆనవాలు

మా చిన్ననాటి పాఠ్యపుస్తకాలలో కార్బన్ డయాక్సైడ్‌ను బొగ్గుపులుసు వాయువు అనేవారు. సింగరేణి గనులలో ముప్పై ఏళ్ళు పనిచేసిన మా మేనమామగారు ఇప్పటికీ ఆ పేరే వాడతారు. క్రితం సంక్రాంతికి ఆయన నన్నొక ప్రశ్న అడిగారు: "మేము తవ్విన బొగ్గు ధ్రువాల దాకా పోయిందంటారు. నరమానవుడు లేనిచోట దాన్ని ఎవరు చూశార్రా?" అప్పుడు సరిగా చెప్పలేకపోయాను. ఆ జవాబు కోసం వెతుక్కుంటూ తెలుసుకున్న చరిత్ర ఇది.

చూసినవాడు చార్లెస్ డేవిడ్ కీలింగ్ అనే అమెరికన్ రసాయన శాస్త్రవేత్త. 1957లో, అంతర్జాతీయ భూభౌతిక సంవత్సరం సందర్భంగా, దక్షిణ ధ్రువంలో గాలి నమూనాల సేకరణ మొదలైంది. మరుసటి ఏడు మార్చిలో హవాయి దీవులలోని మౌనా లోవా పర్వతం మీద కొలతలు ప్రారంభమైనాయి. నమూనా పట్టే పద్ధతి చూడటానికి సులువే. లోపలి గాలి తీసివేసిన గాజుబుడ్డిని గాలికి ఎదురుగా పట్టుకుని, ఊపిరి బిగబట్టి, బిరడా తిప్పాలి. మనం విడిచే ఊపిరిలో ఈ వాయువు నూటికి సుమారు నాలుగు పాళ్ళుంటుంది. మౌనా లోవా గాలిలో ఆనాడు పదిలక్షలకు 313 పాళ్ళే. లెక్క చెడడానికి ఒక్క నిశ్వాసం చాలు.

ధ్రువమే ఎందుకు? అక్కడ ఊళ్ళు లేవు, చెట్లు లేవు. ఉత్తరార్ధగోళపు అడవులు వేసవిలో ఈ వాయువును పీల్చి, శీతకాలంలో వదలడం వలన కలిగే హెచ్చుతగ్గులు అక్కడ బహు స్వల్పం. కనుక అసలు పెరుగుదల ముందుగా అక్కడే స్పష్టపడింది. ఏటా పదిలక్షలకు సుమారు 1.3 పాళ్ళు పెరుగుతున్నట్లు కీలింగ్ 1960లో ప్రకటించాడు. కాల్చిన ఇంధనంలో దాదాపు సగం మాత్రమే గాలిలో మిగులుతుందనీ, తక్కినది సముద్రాలూ వృక్షజాలమూ తీసుకుంటాయనీ తరువాతి దీర్ఘకాలపు కొలతలు తేల్చాయి.

అది బొగ్గుదేనని రుజువేమిటి? కార్బన్-14 ప్రతి 5,730 ఏళ్ళకు సగమవుతుంది. కోట్ల ఏళ్ళనాటి బొగ్గులో అది మిగలదు. అటువంటి కర్బనం కలిసి గాలిలో కార్బన్-14 పలుచబడిన గుర్తును హాన్స్ సూస్ 1955లోనే చెట్ల వలయాలలో చూపించాడు. మరొక సాక్ష్యం: ఇంధనాన్ని ఎక్కువగా కాల్చేది ఉత్తరార్ధగోళంలో. కాల్చడం పెరిగినకొద్దీ మౌనా లోవాకూ దక్షిణ ధ్రువానికీ మధ్య తేడా కూడా పెరుగుతూ వచ్చింది.

ఈ పద్దు నిరాటంకంగా ఏమీ సాగలేదు. నిధుల కోత వలన 1964లో మౌనా లోవాలో కొన్ని నెలలు కొలతలే లేవు. కీలింగ్ పట్టువదలలేదు. 2005లో మరణించేదాకా ఆ పనిలోనే ఉన్నాడు. 2016 మే 23న దక్షిణ ధ్రువంలోనూ లెక్క 400కు చేరింది.

మొన్న ఫోనులో ఇదంతా మేనమామగారికి చెప్పాను. పాతిక కోట్ల ఏళ్ళకు పూర్వం మన గోదావరి లోయా అంటార్కిటికా ఒకే గోండ్వానా భూఖండంలో ఉండేవనీ, సింగరేణి బొగ్గు ఆనాటి అడవులదేననీ కూడా చెప్పాను. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు.

"మా షిఫ్టులో ఎన్ని టన్నులు తీశామో రోజూ రాసేవాళ్ళం. ఎటు పోయిందో ఆయన రాశాడన్నమాట," అన్నారు.