దీపక్ విమానం నేర్పిన పాఠం

హైదరాబాదు దగ్గర దుండిగల్‌లోని వైమానిక దళ అకాడమీ గురించి మన సభ్యులకు కొత్తగా చెప్పనక్కరలేదు. 1967లో రాష్ట్రపతి డాక్టర్ జాకీర్ హుస్సేన్ గారు దానికి శంకుస్థాపన చేశారు. నేను ఉమ్మడి మెదక్ జిల్లాలో గుమాస్తాగా పనిచేసిన కాలంలో అక్కడి శిక్షణ విమానాలు మా ఆఫీసు మీదుగా తిరుగుతుండేవి. వాటిలో ‘దీపక్’ అనే విమానం కథ మన పిల్లలు కూడా తెలుసుకోదగినది.

దీపక్ అసలు పేరు హెచ్.పి.టి.-32. హిందుస్తాన్ ఏరోనాటిక్స్ వారు తయారు చేసిన ఈ విమానం 1977 జనవరి 6న మొదటిసారి ఎగిరింది. 1980లలో వైమానిక దళంలో చేరింది. 260 అశ్వశక్తి గల పిస్టన్ ఇంజన్ ఒక్కటే. గురువు, శిష్యుడు పక్కపక్కన కూర్చుంటారు. అంతవరకు విమానం నడిపి ఎరుగని కుర్రవాడు ఓనమాలు దిద్దుకునేది దీని మీదే.

దీనికి పట్టుకున్న పీడ ఒకటే. గాలిలో ఉండగా ఇంజన్ ఆగిపోయేది. ఇంజన్ ఆగినంత మాత్రాన విమానం రాయిలా పడిపోదు. ముక్కు కిందికి దించి, వేగం తగ్గకుండా చూసుకుంటూ, గాలికి ఎదురుగా ఒక ఖాళీ పొలం ఎంచుకుని దిగాలి. దీన్ని విద్యార్థులకు మొదట్లోనే నేర్పుతారు. కాని దీపక్ ఇంజన్ లేకుండా ఎక్కువ దూరం తేలలేదు, త్వరత్వరగా కిందికి వచ్చేది. తక్కువ ఎత్తులో ఇంజన్ ఆగితే చేతిలో ఉండేవి క్షణాలే. కింద చూస్తే మన తెలంగాణ నేల: బండరాళ్లు, వరిమళ్ల గట్లు, కరెంటు తీగలు. పోనీ రన్‌వేకే తిరిగి వెళదామని వేగం చాలకుండా మలుపు తిప్పితే రెక్కలు పట్టు తప్పి విమానం కూలుతుంది. పైలటుతో సహా సీటును బయటికి విసిరే ఏర్పాటు దీపక్‌లో లేదు.

2009 జూలై 31న మెదక్ జిల్లాలో ఒక దీపక్ కూలి ఇద్దరు అధికారులు మరణించారు. దానితో దీపక్‌లన్నిటినీ నేలమీద నిలిపివేశారు. అప్పటికి 17 ప్రమాదాలలో 19 మంది పైలట్లు పోయారని పత్రికలు రాశాయి.

ఆ లెక్క చదివినప్పుడు నాకు ఫైళ్లే గుర్తుకు వచ్చాయి. మన ఆఫీసుల్లో ఫైలు కదలకపోతే ఒకరి ఇంక్రిమెంటు ఆగేది, ఒకరి పెన్షన్ ఆలస్యమయ్యేది. అదే చిన్న కష్టం కాదు. ఇక్కడ 17 సార్లు ఫైలు తెరిచారు. ఇంజన్ జబ్బు ఏనాడో తెలిసినదే. మార్పులు చేశారు, మళ్లీ ఎగిరించారు. బదులు విమానం చేతికి అందే ఏర్పాటు మాత్రం ముందుగా జరగలేదు. అందుకే 2009 తరువాత కొత్త విద్యార్థులకు కిరణ్ జెట్ మీదే తొలి పాఠాలు చెప్పవలసి వచ్చింది.

స్విట్జర్లాండుకు చెందిన 75 పిలాటస్ విమానాలకు 2012లో ఒప్పందం కుదిరింది. 2013 నుంచి అవి దుండిగల్ చేరసాగాయి. వీటిలో పైలటును బయటికి విసిరే సీట్లు ఉన్నాయి. అయినా 2023 డిసెంబరు 4న తూప్రాన్ దగ్గర ఒక పిలాటస్ కూలి గురువు, శిష్యుడు ఇద్దరూ చనిపోయారు. మంచి యంత్రం ప్రమాదాలను తగ్గించగలదు గాని పూర్తిగా తుడిచివేయలేదు.

విమానం కూలితే మనం వెంటనే అడిగేది పైలట్ ఏం పొరపాటు చేశాడని. అది అడగవలసిన ప్రశ్నే. కాని ఆ చివరి నిమిషానికి ఎన్నో ఏళ్ల ముందు, ఒక బల్ల మీద నిర్ణయం కోసం ఎదురు చూసిన కాగితం సంగతి కూడా అడగాలి. మన మనుమలలో ఎవరైనా రేపు అలాంటి బల్ల ముందు కూర్చుంటే, ఆ కాగితం వెనుక ఎవరో ఒకరి బిడ్డ ఉన్నాడని గుర్తుంచుకోవాలని నా మనవి.